బల్లార్షాలో ఇల్లు చూపించే దుకాణం: నాలుగు కరార్ల అనుభవం

చంద్రపూర్ జిల్లా బల్లార్షాలో మేము 2022 జూన్ నుంచి కిరాయి ఇంట్లో ఉంటున్నాము. ఆ ఇల్లు చూపించినదీ, గడువు తీరినప్పుడల్లా కరారు రాసిపెట్టినదీ ఊళ్ళోని ఒక దుకాణం. పైకి అది జెరాక్సు దుకాణమే. లోపల బల్ల మీద ఒక పొడవాటి రిజిస్టరు, అందులో ఖాళీ ఇళ్ళ జాబితా, పక్కన వేలిముద్ర తీసుకునే యంత్రం ఉంటాయి. ఇల్లు చూపించడం, బేరం కుదర్చడం, కరారు రాయడం, దాన్ని ఆన్‌లైన్‌లో నమోదు చేయించడం, గడువు తీరాక మళ్ళీ రాయడం అన్నీ అక్కడే జరుగుతాయి. దుకాణం పేరు రాయడం లేదు. నేను విన్నంతవరకు ఊళ్ళో ఈ పని చేసేవారందరి పద్ధతీ ఇంచుమించు ఇదే కాబట్టి, ఒక్కరి పేరు పెట్టి మిగిలినవారిని మంచివారిని చేయడం న్యాయం కాదు. రెండు జీతాలు కలిపినా పాతిక వేలు దాటని ఇంటికి ఈ సేవ ఎంతవరకు గిట్టుబాటు అవుతుందో లెక్కలతో చెప్పాలన్నదే నా ఉద్దేశం.

మాది కాగజ్‌నగర్. మా వారు సాస్తి బొగ్గు గని వైపు ఒక గుత్తేదారు దగ్గర డంపర్ నడుపుతారు. బొగ్గు పైనుండే మట్టిని, రాతిని తొలగించే ఆ పనిని ఇక్కడ తెలుగువాళ్ళు, మరాఠీవాళ్ళు అందరూ ఓబీ అనే అంటారు. నేను బల్లార్షాలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను. గని వర్ధా నదికి అవతల రాజురా వైపు ఉంది కాబట్టి మొదట రాజురాలోనే ఇల్లు చూసుకుందామనుకున్నాము. అక్కడ ఇదే పాటి ఇల్లు ఏడెనిమిది వందలు తక్కువకు దొరుకుతుంది. పైగా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న తాలూకా కావడంతో అక్కడ తెలుగు మాట ఇంకా గట్టిగానే వినిపిస్తుంది. అయితే వానాకాలంలో వర్ధా పొంగితే వంతెన మీద రాకపోకలు ఆగిపోతాయి. నది పొంగినంత వాన పడిన రోజున గనిలో పనీ ఆగుతుంది గాని బడి ఆగదు, నా జీతం మాత్రం కోతపడుతుంది. అందుకని ఇవతలే ఉండాలని తీర్మానించుకున్నాము. ఆ నిర్ణయానికి మేము ప్రతి నెలా కడుతున్న ధర ఆ ఏడెనిమిది వందలు.

2011 జనగణనలో బల్లార్షా జనాభా 90 వేలకు లోపే. ఇంత చిన్న ఊళ్ళో కిరాయి ఇంత కష్టమా అని మా అమ్మ ఇప్పటికీ ఆశ్చర్యపోతుంది. గనులకూ, కాగితపు మిల్లుకూ, రైల్వేకూ క్వార్టర్లు ఉన్న మాట నిజమే గాని అవి పర్మినెంటు ఉద్యోగులకు. గుత్తేదారు దగ్గర పనిచేసేవారికి క్వార్టరూ లేదు, ఇంటి అద్దె భత్యమూ లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి ఇలాంటి చిన్న ఊళ్ళో సైతం ఇప్పుడు మూల వేతనంలో 10 శాతం ఇంటి అద్దె భత్యంగా వస్తుంది. ఓబీ పనికి వచ్చిన డ్రైవర్లు, కాజీపేట-బల్లార్షా మూడో లైను పనికి వచ్చిన కూలీలు, గడ్‌చాందూర్ సిమెంటు ఫ్యాక్టరీల వైపు రోజూ వెళ్ళి వచ్చే కాంట్రాక్టు కార్మికులు, మాలాంటి బడి టీచర్లు అందరూ నాలుగు వేలకూ ఆరు వేలకూ మధ్యనుండే ఆ కొద్ది ఇళ్ళ కోసమే వెతుకుతారు. పది వేలు పెట్టగలిగితే ఇళ్ళకు కొరత లేదు. అదే జనగణన ప్రకారం దేశంలో పట్టణ కుటుంబాల్లో 27.5 శాతం కిరాయి ఇళ్ళలో ఉన్నాయి. ఆ లెక్కలో మహానగరాలే ఉన్నట్టు మాట్లాడతారు గాని బల్లార్షా లాంటి ఊళ్ళూ అందులోనివే.

సేవలో మెచ్చుకోదగినది ముందు చెప్పాలి. ఫోనులోని ఆప్‌లలో బల్లార్షా అని వెతికితే నాగపూరు ఇళ్ళు కనిపించాయి. ఆ దుకాణదారుకు మాత్రం ఊరు గల్లీ గల్లీ తెలుసు. ఆయన తెలుగువాడే, మంథని నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఇల్లు చూపించే ముందే మమ్మల్ని కూర్చోబెట్టి, ఎంత మంది ఉంటారు, మాంసం వండుతారా, రాత్రి షిఫ్టు ఉందా, బండి ఎన్ని, ఊరి నుంచి చుట్టాలు ఎంత తరచుగా వస్తారు అని అడిగి రాసుకున్నాడు. నాకు అప్పుడు ఒళ్ళు మండింది. తరువాత అర్థమైంది, ఆ ప్రశ్నలు ఇంటి యజమానులు అడిగేవే. గుమ్మం దాకా వెళ్ళి మాంసం మాట రాగానే వెనుదిరగడం కన్నా బల్ల దగ్గరే ఆ సంగతి తేలడం మేలు. మాంసం తినేవారికి, రాత్రి రెండింటికి బండి శబ్దం చేసుకుంటూ ఇంటికి వచ్చేవారికి ఇచ్చే ఇళ్ళు తక్కువ. ఆ తక్కువలో బేరమాడే అవకాశం ఇంకా తక్కువ. ఈ సంగతి రిజిస్టరులో ఉండదు గాని కిరాయిలో ఉంటుంది.

చూపినందుకు రోజుకు 200 రూపాయలు తీసుకున్నాడు. మూడు రోజులు తిప్పాడు, ఏడు ఇళ్ళు చూపించాడు. ఏ ఇంటి లోపాన్నీ దాచలేదు. నాలుగు వేలకు ఒక రేకుల ఇల్లు చూసి మేము తలూపబోతుంటే, “టీచరమ్మా, మే నెల ఈ రేకుల కింద ఉండలేరు, జూన్ల మళ్ళ నా దగ్గరికే వస్తరు” అని ఆపాడు. చంద్రపూర్ ఎండ సంగతి తెలిసినవారికి ఆ మాట విలువ తెలుస్తుంది. 45 డిగ్రీలు దాటే రోజులు ఇక్కడ వార్త కాదు, వాడుక. చివరకు స్లాబు ఇంట్లో కింది వాటా ఒకటి, ఒక పడకగది, వంటగది, బయట స్నానాల గది, 4,500 రూపాయలకు కుదిర్చాడు. యజమాని గని నుంచి రిటైరైన మరాఠీ పెద్దాయన, మేము కాకా అంటాము. ఆ ఇంటి విషయంలో నాకు నేటికీ ఫిర్యాదు లేదు. ఇల్లు వెతికి పెట్టడం అన్న ఒక్క పనికే మార్కులు వేయాలంటే పదికి తొమ్మిది వేస్తాను.

ఇక డబ్బు. డిపాజిట్టు 15,000, ముందస్తు కిరాయి 4,500, దుకాణానికి దలాలీ ఒక నెల కిరాయి అంటే మరో 4,500, కరారు కాగితానికి 1,200, చూపినందుకు 600, మొత్తం 25,800. కాగజ్‌నగర్ నుంచి సామాను తెచ్చిన టెంపోకు 4,000 వేరే. అప్పట్లో మా ఇద్దరి జీతాలు కలిపితే 22,500. కొత్త ఇంట్లో పాలు పొంగించక ముందే నెల జీతం మొత్తం పోయి, పైన ఏడు వేలకు మించి అప్పు. ఆ సొమ్ము కోసం ఊళ్ళో వేసిన 20,000 రూపాయల చిట్టీ పాడుకున్నాము. గరజు మీద పాడే చిట్టీ ఎలా పోతుందో పాడినవారికి తెలుసు. చేతికి 15,500 వచ్చింది. పాటలో పోయిన 4,500 సరిగ్గా మరో నెల కిరాయి. అది దుకాణం పుచ్చుకున్నది కాదు, కాకా పుచ్చుకున్నది కాదు, ఏ పావతిలోనూ ఉండదు, అయినా ఇల్లు మారినందుకు మేము కట్టినదే. కిరాయి ఎంత అని ఎవరైనా అడిగితే 4,500 అనే చెప్పేవాళ్ళం. మొదటి ఏడాదికి మా అసలు కిరాయి దానికన్నా చాలా ఎక్కువని నోట్‌బుక్కులో లెక్క రాసుకున్న రోజున గాని నాకూ తోచలేదు.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో నివాస గృహానికి డిపాజిట్టు రెండు నెలల కిరాయిని మించరాదని ఉంది. ఆ లెక్కన మేము 9,000 ఇచ్చి ఉంటే సరిపోయేది. అయితే అది పేరుకు తగ్గట్టు నమూనాయే. రాష్ట్రాలు స్వీకరించి తమ చట్టంగా చేసుకుంటే తప్ప చెల్లదు. ఈ సంగతి దుకాణదారుతో అంటే నవ్వి, నాగపూరులో అయిదారు నెలల డిపాజిట్టు అడుగుతారని చెప్పాడు. మాకు బల్లార్షా కిరాయిని నాగపూరు డిపాజిట్టుతో పోల్చి చూపి ఓదార్చడం ఏమి న్యాయమో నాకు అర్థం కాలేదు.

నా అసలు ఫిర్యాదు ఇక్కడి నుంచి మొదలవుతుంది. 1,200 తీసుకుని దుకాణం రాసిచ్చిన మొదటి కరారు, స్టాంపు కాగితం మీద టైపు చేసి నోటరీ ముద్ర కొట్టించినది మాత్రమే. “ఇది చాలు, అందరూ ఇట్లనే చేస్తరు” అన్నాడు. మహారాష్ట్రలో అది చాలదు. 2000 మార్చి 31 నుంచి అమలులో ఉన్న 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం ప్రకారం కిరాయి కరారు రాతపూర్వకంగా ఉండి తీరాలి, నమోదై తీరాలి. పదకొండు నెలలదైనా సరే. పైగా నమోదు చేయించే బాధ్యత ఇంటి యజమానిది. చేయించకపోతే, షరతుల గురించి కిరాయిదారు చెప్పిన మాటే, అది తప్పని రుజువయ్యే దాకా, చెల్లుతుంది. యజమానికి మూడు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. అంటే ఆ నోటరీ కాగితం వల్ల చట్టం దృష్టిలో ఇరకాటంలో పడ్డది కాకా. ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు. తెలిసిన ఒకే ఒక్క మనిషి బల్లకు అవతల కూర్చుని ఉన్నాడు.

మాకు ఆ కాగితం వల్ల పెద్ద నష్టం జరగలేదు. జరిగింది మా పక్క వాటాలో ఉండే వదినకు. వాళ్ళది రెండు తరాలుగా ఇక్కడ స్థిరపడిన పద్మశాలి కుటుంబం, మహారాష్ట్ర కులపత్రం ఉంది. ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు ఉచితంగా ఇచ్చే విద్యాహక్కు ప్రవేశానికి పాప పేరు ఆన్‌లైన్‌లో పెట్టారు. లాటరీలో పేరు వచ్చింది, ఇంటిల్లిపాదీ పండుగ చేసుకున్నారు. కాగితాల తనిఖీ రోజున కిరాయి ఇంటి చిరునామాకు నమోదైన కరారు కావాలన్నారు. ఆమె దగ్గర ఉన్నది ఇదే దుకాణం ఇచ్చిన నోటరీ కాగితం. దరఖాస్తు నాటికి నమోదు లేదు కాబట్టి సీటు పోయింది. ఆ పాప ఇప్పుడు నేను చెప్పే బడిలోనే చదువుతోంది, ఫీజు కట్టి. టీచరును కదా, ఆ ఫీజు ఎంతో నాకు తెలుసు. పక్క వాటా కిరాయి ఎంతో కూడా తెలుసు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నమోదు గురించి దుకాణం చెప్పని ఆ ఒక్క మాట వాళ్ళకు ఏటా మూడు నెలల కిరాయి ఖరీదు చేసింది. దుకాణదారును అడిగితే, వాళ్ళు నమోదు ఖర్చుకు వెనకాడారని అన్నాడు. వదిన మాత్రం అలాంటి మాట ఆయన తమ ముందు ఎత్తనే లేదని అంటుంది. ఇద్దరి మాటల్లో ఏది నిజమో తేల్చే పని నాది కాదు గాని, మా విషయంలో సైతం ఎత్తలేదన్నది నా అనుభవం.

పదకొండు నెలలు ఎక్కడి నుంచి వచ్చాయో చాలా మందికి తెలియదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఏడాదికి మించిన లీజుకు నమోదు తప్పనిసరి చేసింది. ఆ ఖర్చు తప్పించుకోవడానికి దేశమంతా పదకొండు నెలల కాగితాలు రాసుకోవడం అలవాటు చేసుకుంది. మహారాష్ట్రలో పదకొండు నెలలకూ నమోదు తప్పనప్పుడు ఆ అలవాటుకు అర్థమే లేదు. అలవాటు మాత్రం మిగిలింది, ఎందుకు మిగిలిందో మూడేళ్ళ లెక్క చూస్తే తెలుస్తుంది. 2023 మేలో దుకాణం నుంచి ఫోను వచ్చింది, గడువు తీరింది, కరారు మార్చుకోవాలని. కిరాయి 10 శాతం పెంచడం ఆనవాయితీ అని కాకాకు ఆయనే చెప్పి, 5,000 చేయించాడు. ఈసారి నమోదు చేయిస్తానని 3,500 తీసుకున్నాడు. కరారు మార్పిడికి తన కూలి అంటూ అర నెల కిరాయి, 2,500, వేరే తీసుకున్నాడు. 2024 ఏప్రిల్‌లో మళ్ళీ అదే కథ, కిరాయి 5,500, దుకాణానికి 3,500తో పాటు 2,750. మేము ఇల్లు మారలేదు, ఆయన కొత్తగా చూపింది లేదు, రెండు పర్యాయాలకు కలిపి 12,250 రూపాయలు ఆ బల్ల మీద పెట్టి వచ్చాము.

అందులో ప్రభుత్వానికి చేరేది ఎంత? ఇక్కడ ఇలాంటి కరారుకు స్టాంపు సుంకం, గడువు కాలంలో కట్టే మొత్తం కిరాయికి, తిరిగి వచ్చే డిపాజిట్టు మీద ఏడాదికి 10 శాతం చొప్పున లెక్కగట్టిన వడ్డీని కలిపి, దాని మీద 0.25 శాతం. మా 2023 కరారుకు అది 55,000 కిరాయి, 1,375 వడ్డీ, మొత్తం 56,375 మీద 141 రూపాయలు. వంద రూపాయల లెక్కకు పైకి సర్దినా 200. మునిసిపాలిటీ హద్దుల్లో నమోదు రుసుము 1,000. దానికి ఆన్‌లైన్ నిర్వహణ రుసుము కొంత కలుపుకున్నా 3,500కు చాలా దూరం. దుకాణదారు వేలిముద్ర యంత్రం తెచ్చుకున్నాడు, కరెంటు, ఇంటర్నెట్టు ఖర్చులు ఉన్నాయి, కాకా ఇంటికి వచ్చి మరీ పని చేసిపెట్టాడు, కాబట్టి ఏడెనిమిది వందలు తీసుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ప్రభుత్వ రుసుములు, తన కూలి విడివిడిగా చూపకుండా అంతా గవర్నమెంటు ఫీజేనని చెప్పడం మాత్రం నాకు నచ్చలేదు. పావతి అడిగితే మొత్తం ఒకే అంకె వేసి ఇచ్చాడు.

పదకొండు నెలల కిటుకు ఇంకొకటి ఉంది. పెంపు ఏడాదికి ఒకసారి కాదు, పదకొండు నెలలకు ఒకసారి. పదకొండేళ్ళలో పన్నెండు పెంపులు. గడువు కూడా ప్రతి సారీ ఒక నెల ముందుకు జరుగుతుంది. జూన్‌లో చేరినవాళ్ళం మేలో, తరువాత ఏప్రిల్‌లో, తరువాత మార్చిలో మార్చుకోవలసి వచ్చింది. ఆ మార్చి నెల పిల్లల పరీక్షల కాలం, ఇల్లు మారతామని బెదిరించడానికి సైతం వీలు లేని కాలం. 2022 నుంచి 2025 మొదటికి మా కిరాయి 4,500 నుంచి 5,500 అయింది, అంటే 22 శాతం. అదే కాలంలో మా వారి జీతం 15,500 నుంచి 17,000 అయింది, అంటే 10 శాతం లోపు. నా జీతం వెయ్యి పెరిగి 8,000 అయింది. ఆ వెయ్యి తిన్నగా కిరాయి పెంపుకే పోయింది, నేను ఏడాది పొడవునా పాఠం చెప్పినందుకు వచ్చిన పెంపు నా చేతికి తగలనే లేదు.

కరెంటు సంగతి దుకాణం సేవలో భాగం కాదు గాని ఇల్లు కుదిర్చేటప్పుడు ఆయన చెప్పి ఉండవలసినది. ఇంట్లో నాలుగు వాటాలు, మీటరు ఒక్కటే. లోపల సబ్ మీటర్లు పెట్టి కాకా యూనిట్‌కు 11 రూపాయలు తీసుకుంటారు. మొదట దీన్ని దోపిడీ అనుకున్నాను. తరువాత ఆయన బిల్లు నాకే ఇచ్చి చదవమన్నారు. ఇక్కడి కరెంటు సంస్థ మహావితరణ గృహ వినియోగానికి 100 యూనిట్ల వరకు ఒక ధర, 101 నుంచి 300 వరకు మరొకటి, 301 నుంచి 500 వరకు ఇంకొకటి, ఆపైన వేరొకటి వేస్తుంది. మేము ఒక్కొక్క వాటావాళ్ళం 80 యూనిట్లు వాడినా నలుగురివి కలిసి 320 అవుతాయి. విడి మీటరు ఉంటే నలుగురమూ కింది మెట్టులోనే ఉండేవాళ్ళం. ఒకే మీటరు కావడంతో నలుగురినీ కలిపి మూడో మెట్టు ఎక్కించింది. తక్కువ వాడేవారికి ప్రభుత్వం పెట్టిన చవక ధర, తక్కువ వాడే మాకే అందదు. దీనికి కాకాను నిందించలేను, విడి మీటర్లకు కాగితాలు, వైరింగు, డిపాజిట్లు అన్నీ ఆయన నెత్తినే పడతాయి. కాని ఇల్లు చూపించేటప్పుడు కిరాయి ఎంత అన్నదానితో పాటు మీటరు ఎవరిది అని అడగాలని మాకు ఎవరైనా చెప్పి ఉంటే, మరో రెండు వందలు ఎక్కువ పెట్టి విడి మీటరు ఇల్లు తీసుకుని ఉండేవాళ్ళం. ఆ దుకాణం రిజిస్టరులో మాంసం గడి ఉంది, బండి గడి ఉంది, మీటరు గడి లేదు.

2025 మార్చిలో నాలుగో కరారు. ఈసారి దుకాణం నుంచి ఫోను రాకముందే కాకా దగ్గరికి మేమే వెళ్ళి కూర్చున్నాము. 10 శాతం లెక్కన కిరాయి 6,050 కావాలి. ఆయనకు కావలసినది పెంపు కన్నా నిలకడ అని మాటల్లో తెలిసింది. పై వాటా రెండు నెలలు ఖాళీగా ఉండి సున్నం వేయించవలసి వచ్చిందట, దానికి అయిన ఖర్చు ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పారు. మూడు విడతలకు కలిపి ఒకేసారి రాసుకుందామని నేను అన్నాను. మొదటి పదకొండు నెలలకు 5,800, తరువాతి పదకొండుకు 6,100, ఆ తరువాత 6,400. ఆయన కాసేపు ఆలోచించి, “ఠీక్ హై బేటీ, కాగదావర్ లిహూన్ ఘే” అన్నారు. కాగితం మీద రాసుకో అని.

ముగ్గురమూ దుకాణానికి వెళ్ళాము. కంప్యూటరులో కరారు ఫారం తెరిచి ఆయన చకచకా నింపుతున్నాడు. యజమాని పేరు, ఆధార్ సంఖ్య, ఇంటి నంబరు, కిరాయి, డిపాజిట్టు. గడువు, నెలల్లో, అన్న గడి రాగానే అడగకుండానే 11 అని కొట్టాడు. అన్నా, అక్కడ 33 వేయండి అన్నాను. “సిస్టం తీసుకోదు టీచరమ్మా” అన్నాడు. ఒకసారి వేసి చూడమన్నాను. వేశాడు. తీసుకుంది. అలాంటి కరారు అరవై నెలల దాకా రాసుకోవచ్చు, స్టాంపు సుంకం నిబంధనలే ఆ మేరకు ఉన్నాయి. ఇన్నేళ్ళుగా ఆ పని చేస్తున్న మనిషికి ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను. అలా రాస్తే మాలక్‌కు నష్టమని, కిరాయిదారు ఇల్లు ఖాళీ చేయడని కాకాకు మరాఠీలో చెప్పబోయాడు. గడువు తీరాక ఖాళీ చేయకపోతే రెట్టింపు కిరాయి కట్టాలన్న నిబంధన చట్టంలోనే ఉందని నేను చెప్పాను. ఆ ఒక్కటి చదువుకుని వెళ్ళినందుకు నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంది.

మూడు విడతలకు కలిపి కిరాయి 2,01,300, డిపాజిట్టు వడ్డీ 4,125, మొత్తం 2,05,425 మీద స్టాంపు సుంకం 514 రూపాయలు. నమోదు రుసుము ఒక్కసారే 1,000. పదకొండేసి నెలలుగా మూడుసార్లు చేయిస్తే నమోదు రుసుమే 3,000 అయ్యేది, దుకాణం కూలి మూడుసార్లు, అర నెల కిరాయి మార్పిడి మూడుసార్లు అయ్యేవి. ఈసారి మొత్తం 2,500 ఇస్తామని ముందే చెప్పాము. అర నెల కిరాయి అడిగాడు, ఇవ్వలేదు. కొంచెం ముఖం మాడ్చుకున్నాడు గాని పని శుభ్రంగా చేశాడు. కాకాదీ, మా వారిదీ, ఇద్దరు సాక్షులదీ వేలిముద్రలు, ఫోటోలు అక్కడే తీసుకున్నాడు. నమోదైన కాగితం కొద్ది రోజుల్లోనే చేతికి వచ్చింది. దాని నకలు ఒకటి పక్క వాటా వదినకు చూపించాను. ఆమె తన కరారు కూడా ఇలాగే రాయించుకునే ప్రయత్నంలో ఉంది.

ఇందులో మాకూ ఇరకాటం లేకపోలేదు. ఓబీ పనికి గుత్తేదారు మారితే డ్రైవర్లందరూ ఒక్కసారిగా ఇంటికి పోవలసి రావచ్చు. అప్పుడు 33 నెలల కరారు మెడకు గుదిబండ అవుతుంది. అందుకని ఒక నెల ముందు తెలియజేసి మేము ఖాళీ చేయవచ్చన్న షరతు రాయించాము. ఆ షరతు రాయించుకోకుండా ఎవరూ పొడవాటి కరారు మీద వేలు పెట్టవద్దు. డిపాజిట్టులో సున్నం ఖర్చు ఎంత మినహాయిస్తారో కూడా అంకె వేసి రాయించుకుంటే మంచిది. మేము 2,000 అని రాయించాము.

దుకాణానికి మొత్తం మీద ఎన్ని మార్కులు వేయాలో నాకు నిజంగా తెగడం లేదు. కొత్తగా ఊరికి వచ్చి, మరాఠీ రాక, ఎండ తెలియక, ఎక్కడ ఏ యజమాని ఎలాంటివాడో తెలియక తికమకపడేవారు ఆయన దగ్గరికి వెళ్ళవచ్చు. ఒక నెల కిరాయి దలాలీ ఎక్కువే గాని ఆ పనికి తగిన ప్రతిఫలమే. నమోదు పనికి వెళ్ళేవారు మాత్రం ప్రభుత్వ రుసుములు విడిగా రాసిన పావతి అడగాలి, నోటరీ కాగితంతో సరిపెట్టుకోకూడదు, గడువు గడిలో ఆయన వేలు ఏ అంకె మీదికి వెళుతోందో చూస్తూ ఉండాలి. మార్పిడి కూలి పేరుతో అడిగే అర నెల కిరాయికి నేను సున్నా వేస్తాను.

కూలరు సంగతి ఒకటి కరారులోకి ఎక్కలేదు. కూలరు నీరు తాగుతుంది కాబట్టి వేసవి నాలుగు నెలలు నెలకు 300 అదనంగా ఇవ్వాలన్నది కాకా మాట. నల్లా నీరు మేమే పట్టుకుని పోసుకుంటున్నప్పుడు ఎందుకు ఇవ్వాలన్నది మా మాట. కాగితం రాసే రోజున ఇద్దరమూ ఆ ఊసెత్తలేదు. ఇప్పుడు కూలరు దులిపి గడ్డి మార్పించాము, మొదటి నెల డబ్బు ఆయన ఇంకా అడగలేదు.